ఊళ్లో సర్కారు చిన్నబడులు: అంగన్‌వాడీకి, బడిలోని ప్రీప్రైమరీకి తేడా ఎక్కడ?

క్లుప్తంగా: మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఇప్పుడు మూడు రకాల ప్రభుత్వ ఏర్పాట్లు కనిపిస్తున్నాయి. ఒకటి విడిగా నడిచే అంగన్‌వాడీ. రెండోది ప్రాథమిక పాఠశాల ఆవరణలోకి మారిన అంగన్‌వాడీ. మూడోది పాఠశాలే తెరిచిన ప్రీప్రైమరీ తరగతి. తిండి, ఆరోగ్యం చూస్తే అంగన్‌వాడీది పైచేయి. ఒకటో తరగతికి దారి కలపడంలో బడికి అనుకూలత ఉంది. చదువు సంగతికి వస్తే, చిన్నపిల్లలతోనే గడపడానికి ఒక మనిషికి రోజులో ఎంత సమయం మిగులుతోందన్నదే ఎక్కువ తేడా తెస్తోంది.

ఒకే ఊరు, మూడు బోర్డులు

జూన్ వచ్చిందంటే మూడున్నర, నాలుగేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. అంగన్‌వాడీలోనే ఉంచాలా, బడిలో కొత్తగా పెట్టిన క్లాసులో వేయాలా, వ్యాన్ ఎక్కించి మండల కేంద్రంలోని ఎల్‌కేజీకి పంపాలా? ఈ మధ్య ఈ టెన్షన్ ఇంకా పెరిగింది. 2025-26 విద్యా సంవత్సరంలో తెలంగాణ ప్రభుత్వం తొలి విడతగా 210 ప్రభుత్వ పాఠశాలల్లో ప్రీప్రైమరీ తరగతులకు అనుమతి ఇచ్చింది. అప్పటిదాకా ఊళ్లో నాలుగేళ్ల పిల్లలకు సర్కారు తరఫున ఉన్నది అంగన్‌వాడీ ఒక్కటే. ఇప్పుడు అదే వయసు పిల్లల కోసం ఒకే ఊళ్లో రెండు శాఖలు తలుపులు తెరిచి కూర్చున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో చిక్కు మరో రకం. 2022లో వచ్చిన 117 నంబరు జీవోతో శాటిలైట్ ఫౌండేషన్ స్కూల్, ఫౌండేషన్ స్కూల్, పీపీ-1, పీపీ-2 (ప్రీప్రైమరీ మొదటి, రెండో ఏడాది) అనే పేర్లు పల్లెలకు చేరాయి. 2025లో ఆ జీవోను రద్దు చేసి బడులను తొమ్మిది రకాలుగా మళ్లీ విభజించారు. పేర్లు ఇన్నిసార్లు మారినా చాలా ఊళ్లలో పీపీ-1, పీపీ-2 అంటే పాత అంగన్‌వాడీ గదే, పాత టీచరే. బోర్డు మారింది కాబట్టి లోపల చదువు కూడా మారిందని కొందరు తల్లిదండ్రులు అనుకుంటున్నారు. ఏమీ మారలేదని ఇంకొందరు కొట్టిపారేస్తున్నారు. రెండు మాటలూ అన్ని చోట్లా నిజం కావు.

చదువు ఎవరి బాధ్యత?

ఈ గందరగోళానికి మూలం చట్టంలోనే ఉంది. అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే ఐసీడీఎస్, 1975 అక్టోబరు 2న దేశంలోని 33 బ్లాకుల్లో మొదలైంది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య విద్య, పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. మొత్తం ఆరు సేవలు, అందులో చదువు ఒకటి. పిల్లలు తిండి లేక చనిపోతున్న కాలంలో పుట్టిన పథకం గనుక, అంగన్‌వాడీ కేంద్రం పనిని కొలిచే పద్ధతి కూడా బరువు, ఎత్తు, పంచిన రేషన్ చుట్టూనే పెరిగింది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. అది ఉచిత, నిర్బంధ విద్యను 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు హక్కు చేసింది. మూడు నుంచి ఆరేళ్ల వారి గురించి ఆ చట్టంలోని 11వ సెక్షన్ ప్రభుత్వం ‘ఏర్పాట్లు చేయవచ్చు’ అని మాత్రమే చెబుతుంది. అంతకుముందు 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణ, విద్య కోసం రాజ్యం కృషి చేయాలని 45వ అధికరణలో రాసింది. అది ఆదేశిక సూత్రం. కోర్టుకు వెళ్లి సాధించుకునే హక్కు కాదు. అంటే ఏడేళ్ల పిల్లకు బడి లేకపోతే ప్రభుత్వం చట్టాన్ని ఉల్లంఘించినట్టు. నాలుగేళ్ల పిల్లకు సరైన చదువు దొరక్కపోతే ఎవరూ ఏ చట్టాన్నీ ఉల్లంఘించినట్టు కాదు.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఆరేళ్ల వరకు ఉండే ఈ మూడేళ్ల కాలాన్ని ఒకటి, రెండు తరగతులతో కలిపి ఐదేళ్ల పునాది దశగా లెక్కించింది. ఆ దశను అంగన్‌వాడీలో నడపాలా, బడిలో నడపాలా అన్నది రాష్ట్రాలకే వదిలేసింది. ఒకే మండలంలో మూడు నమూనాలు పక్కపక్కనే కనిపించడానికి కారణం ఇదే.

తిండి విషయంలో తేడా

ఇక్కడ పోలిక తేలిక. అంగన్‌వాడీ పోషకాహారం ఏడాదికి 300 రోజులు అందాలన్నది నియమం. వేడి అన్నం, గుడ్డు, పాలు, నెలనెలా బరువు చూడటం, టీకాల రోజున ఏఎన్ఎం రావడం, ఇవన్నీ ఒకే చోట జరుగుతాయి. బడిలోని ప్రీప్రైమరీ పిల్లలను కూడా 2021 నుంచి పీఎం పోషణ్ మధ్యాహ్న భోజనంలో చేర్చుకునే వీలు కల్పించారు. కానీ ఆ పథకం బడి పనిదినాలకే పరిమితం. పిల్ల బరువు తగ్గుతోందా, ఎదుగుదల ఆగిందా అని చూసే ఏర్పాటు తరగతి గదిలో ఉండదు.

బక్కచిక్కిన పిల్లలున్న ఊళ్లలో, పనుల కోసం తల్లిదండ్రులు నెలల తరబడి వలస వెళ్లే ప్రాంతాల్లో ఈ తేడా చిన్నది కాదు. నాలుగేళ్ల పిల్లను అంగన్‌వాడీ నుంచి తీసి బడి క్లాసులో కూర్చోబెడితే, ఆమె ఎదుగుదలను నమోదు చేసే పుస్తకం ఎవరి చేతిలో ఉంటుందో ముందే తేల్చాలి. చాలాచోట్ల ఆ ప్రశ్న అడగకుండానే అడ్మిషన్లు జరిగిపోతున్నాయి.

చదువు విషయంలో తేడా: గంటల లెక్క

అంగన్‌వాడీ టీచర్ రోజు ఎలా గడుస్తుందో చూస్తే మిగతాదంతా అర్థమవుతుంది. ఉదయం కేంద్రం తెరిచి పిల్లల హాజరు పోషణ్ ట్రాకర్ యాప్‌లో వేయాలి. గర్భిణులకు, బాలింతలకు భోజనమో సరుకులో ఇవ్వాలి. మూడేళ్ల లోపు పిల్లలకు బాలామృతం పంచాలి. ఇంటికి ఇచ్చే రేషన్‌కు 2025 జులై నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి అయింది. సిగ్నల్ అందని ఊళ్లో ఒక్కో ఫొటోకు ఎంతసేపు పడుతుందో ఆ టీచర్లనే అడగాలి. బరువులు తూచాలి, ఇళ్లకు వెళ్లాలి, స్టాకు రిజిస్టర్లు రాయాలి, సెక్టార్ మీటింగ్‌కు హాజరు కావాలి. చాలామందికి ఓటర్ల జాబితా పని కూడా ఉంటుంది. ఆయా వంటలో, శుభ్రం చేయడంలో, పిల్లలను ఇళ్ల నుంచి తీసుకురావడంలో ఉంటుంది. ఇన్ని పనుల మధ్య ఆటపాటలకు, కథలకు, మాటలు నేర్పడానికి మిగిలేది ఎంత?

దీనికి గట్టి ఆధారం తమిళనాడు నుంచి వచ్చింది. అలెహాండ్రో గానిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ఆర్థికవేత్తలు అక్కడి 320 అంగన్‌వాడీ కేంద్రాల్లో ఒక ప్రయోగం చేశారు. లాటరీ పద్ధతిలో ఎంచుకున్న సగం కేంద్రాలకు పూర్వ ప్రాథమిక విద్య కోసమే ఒక సగం రోజు ఉద్యోగిని అదనంగా ఇచ్చారు. భవనం అదే, వస్తువులు అవే. బోధనకు దొరికే సమయం రెట్టింపైంది. 18 నెలల తర్వాత ఆ కేంద్రాల పిల్లల మార్కులు గణితంలో 0.29, భాషలో 0.46 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కుల మధ్య మామూలుగా ఉండే హెచ్చుతగ్గుల కొలత) మేర పెరిగాయి. విద్యా ప్రయోగాల్లో ఇవి పెద్ద లాభాలు.

మరింత ఆసక్తికరమైన విషయం ఇంకొకటి ఉంది. ఎత్తు ఎదగని పిల్లల నిష్పత్తి, తీవ్ర పోషకాహార లోపం కూడా ఆ కేంద్రాల్లో తక్కువగా తేలాయి. కొత్త మనిషి చదువు చూసుకోవడంతో పాత టీచర్‌కు ఆరోగ్యం, పోషణ పనులకు ఊపిరి దొరికింది. చదువు పెంచితే తిండి పని దెబ్బతింటుందన్న భయానికి ఈ ఫలితం నేరుగా జవాబు చెబుతోంది. అయ్యే ఖర్చు కన్నా వచ్చే మేలు చాలా ఎక్కువన్నది పరిశోధకుల అంచనా.

ఈ కొలబద్దతో తెలుగు రాష్ట్రాల నమూనాలను చూడాలి. విడిగా నడిచే అంగన్‌వాడీలో ఒక టీచర్, ఒక ఆయా. చిన్న ఆవాసాల కోసం పెట్టిన మినీ కేంద్రంలో అయితే అన్నిటికీ ఒక్కరే. ఆంధ్రప్రదేశ్ 4,687 మినీ కేంద్రాలను మెయిన్ కేంద్రాలుగా మార్చాలని 2025లో తీసుకున్న నిర్ణయం వార్తల్లో జీతాల పెంపుగానే కనిపించింది. పిల్లల వైపు నుంచి చూస్తే అందులో అసలు విషయం ఆ గదిలోకి రెండో మనిషి రావడం. తెలంగాణ అంతకుముందే తన మినీ కేంద్రాలను ఇలా మార్చే పని మొదలుపెట్టింది. ఈ రెండు నిర్ణయాలకూ దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

బడిలోని ప్రీప్రైమరీ తరగతికి ఇక్కడ ఒక సహజమైన లాభం ఉంది. అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌కు రేషన్ పంపిణీ, ఇంటింటి సర్వే ఉండవు. ఆ తరగతే ఆమె పని. కాగితం మీద చూస్తే చదువుకు దొరికే సమయం అంగన్‌వాడీ కన్నా ఎక్కువ. అయితే ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఈ లాభం నిలబడటం కష్టం. ఐదు తరగతులకు ఒకే మాస్టారు ఉన్నచోట ఆయన సెలవు పెట్టినా, మీటింగ్‌కు వెళ్లినా బడి మొత్తాన్ని చూసుకునే భారం ప్రీప్రైమరీ ఇన్‌స్ట్రక్టర్ మీద పడే అవకాశం ఉంది. రెండో ప్రమాదం పాఠ్యాంశాల్లో ఉంది. బడి వాతావరణంలో నాలుగేళ్ల పిల్లల చేత కూడా పలక నిండా అఆలు, ఏబీసీడీలు దిద్దించడమే చదువుగా మారుతుంది.

ఆడించడమా, దిద్దించడమా?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, అస్సాం, రాజస్థాన్ రాష్ట్రాల పల్లె పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా వెంబడించిన పెద్ద అధ్యయనం ఒకటి 2017లో వెలువడింది. ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోని బాల్య విద్యా కేంద్రం, పల్లె పిల్లల చదువుపై సర్వేలు చేసే అసర్ సెంటర్ కలిసి చేసిన పని అది. దాని ఫలితాలు ఏ పక్షానికీ పూర్తిగా నచ్చవు. పిల్లలు విధానపత్రాల్లో రాసినట్టు అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి వరుసగా వెళ్లడం లేదు. నాలుగేళ్లకే బడిలో కొందరు, ఆరేళ్లకు తిరిగి ఎల్‌కేజీలో ఇంకొందరు, మధ్యలో ప్రైవేటు నుంచి అంగన్‌వాడీకి వచ్చినవారు మరికొందరు. ఐదేళ్లకు ఒకటో తరగతికి కావాల్సిన సంసిద్ధత చాలామందిలో తక్కువగా ఉంది. అంగన్‌వాడీల్లో బోధన తక్కువగా జరుగుతుంటే, ప్రైవేటు బడులు పెద్ద తరగతుల చదువునే కిందికి దించి చిన్నపిల్లల మీద పెడుతున్నాయి. వయసుకు తగిన ఆటల చదువు రెండు చోట్లా అరుదే.

ఎల్‌కేజీ పిల్ల ఇంటికొచ్చి ఇంగ్లిష్ రైమ్ చెప్తే తల్లికి ముచ్చటేస్తుంది. నోట్‌బుక్ నిండితే తండ్రికి ఫీజు గిట్టుబాటయిందన్న నమ్మకం కలుగుతుంది. పూసలు గుచ్చడం, రంగులు వేరు చేయడం, కథ విని మళ్లీ చెప్పడం, తన వంతు కోసం ఆగడం వంటివి నోట్‌బుక్‌లో కనిపించవు. తర్వాత రాయడానికి, లెక్క కట్టడానికి కావాల్సిన పునాది అక్కడే పడుతుంది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ అంగన్‌వాడీల కోసం తెచ్చిన ‘ఆధార్‌శిల’ పాఠ్య ప్రణాళిక ఈ దిశగానే ఉంది. దాన్ని నడపాల్సిన టీచర్ చేతిలో సమయం ఉంటేనే అది పుస్తకం దాటి పిల్లలదాకా వస్తుంది.

బడి ఆవరణలోకి మారితే ఏమవుతుంది?

మూడు నమూనాల్లో దీనికే ఇప్పుడు ఎక్కువ మద్దతు కనిపిస్తోంది. అంగన్‌వాడీలను బడుల ఆవరణలోకి తేవడంపై కేంద్ర మహిళా శిశు అభివృద్ధి, విద్యాశాఖలు 2025 సెప్టెంబరులో కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. తర్కం బాగానే ఉంది. అద్దె గది బదులు బడి గది, మరుగుదొడ్డి, ఆడుకునే స్థలం దొరుకుతాయి. అక్క ఒకటో తరగతిలో, చెల్లి పక్క గదిలో ఉంటే ఇద్దరినీ కలిపి పంపడం తేలిక. అన్నిటికన్నా ముఖ్యంగా, రేపు ఒకటో తరగతి చెప్పే టీచర్‌కు ఈ పిల్లలు ముందే పరిచయం అవుతారు.

దూరం సంగతి వేరు. 400 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం అన్న నియమం వెనుక ఉద్దేశం, మూడేళ్ల పిల్ల నడిచి రాగల దూరంలో, నెలలు నిండిన గర్భిణి చేరగల చోట అది ఉండాలన్నదే. బడి ఊరి నడుమ ఉండి, కేంద్రం ఎస్సీ కాలనీలోనో తండాలోనో ఉన్నచోట కేంద్రాన్ని బడికి మార్చితే అది ఎవరికి దగ్గరవుతుందో, ఎవరికి దూరమవుతుందో విడిగా చెప్పనక్కర్లేదు. రోడ్డు దాటాల్సి వస్తే చిన్నపిల్లలు రావడం మానేస్తారు. అందుకే ఈ నిర్ణయాన్ని మండలం మొత్తానికి ఒకే జీవోతో తీసుకోకుండా ఊరూరా చూసి తీసుకోవడం మేలు.

ఏజెన్సీ గ్రామాల్లో భాష కూడా లెక్కలోకి వస్తుంది. గోండి, కోయ, సవర మాట్లాడే ఇళ్ల పిల్లలకు అదే ఊరి అంగన్‌వాడీ టీచర్ వాళ్ల భాషలో జవాబు చెప్పగలదు. బయటి నుంచి వచ్చిన మాస్టారికి అది చాలాసార్లు సాధ్యం కాదు. ఇక్కడ అంగన్‌వాడీ బలాన్ని ఏ స్మార్ట్ టీవీ భర్తీ చేయలేదు.

గది పంచుకున్నంత మాత్రాన పని కలవదు కూడా. అంగన్‌వాడీ టీచర్ సూపర్‌వైజర్‌కు, ఆపైన శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి (సీడీపీఓ) జవాబుదారీ. బడి మండల విద్యాధికారి (ఎంఈఓ) కింద ఉంటుంది. పిల్ల వివరాలు ఒకచోట పోషణ్ ట్రాకర్‌లో, మరోచోట బడుల వివరాలు నమోదు చేసే యూడైస్‌లో ఉంటాయి. గోడకు అటు ఇటు ఉన్న ఇద్దరు టీచర్లు నెలకోసారైనా కూర్చుని ఏ పిల్ల ఎలా ఉందో మాట్లాడుకునే ఏర్పాటు లేకపోతే, ఆవరణ మార్పు వల్ల కలిగే మేలు మరుగుదొడ్డి దగ్గరే ఆగిపోతుంది.

పోటీ ఎవరి మధ్య?

చేరికల కొరత పెద్ద సమస్య కాదు. గ్రామీణ భారతంపై అసర్ 2024 సర్వే ప్రకారం మూడేళ్ల పిల్లల్లో ఏదో ఒక పూర్వ ప్రాథమిక కేంద్రంలో ఉన్నవారు 77.4 శాతం. 2018లో అది 68.1 శాతం. వస్తున్న పిల్లలను ఎవరు పంచుకోవాలన్న దగ్గరే లాగులాట. 2024లో కర్ణాటకలో ప్రభుత్వ బడుల్లో ఎల్‌కేజీ, యూకేజీ తెరవడంపై అంగన్‌వాడీ ఉద్యోగులు ఆందోళనకు దిగారు. పెద్ద పిల్లలు బడికి వెళ్లిపోతే తమ కేంద్రాలు ఖాళీ అవుతాయన్నది వారి వాదన. తెలంగాణలోనూ అంగన్‌వాడీ సంఘాలు అదే మాట చెబుతున్నాయి. ఈ భయం నిరాధారం కాదు. పిల్లల సంఖ్య తగ్గిన కేంద్రాన్ని పక్క కేంద్రంలో కలిపేస్తే, నష్టపోయేది టీచర్ ఒక్కరే కాదు. ఆ వాడలోని గర్భిణులు, మూడేళ్ల లోపు పసివాళ్లు కూడా.

ఈ సంఘాల మాట వినడానికి మరో కారణం ఉంది. కేంద్ర ప్రభుత్వం మెయిన్ అంగన్‌వాడీ టీచర్‌కు ఇచ్చే గౌరవ వేతనం 2018లో రూ.4,500గా నిర్ణయించాక ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. మిగతాది రాష్ట్రాలు కలుపుతున్నాయి. 2025 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం రూ.11,500, తెలంగాణలో రూ.13,650. వేతనాల పెంపు, గ్రాట్యుటీ కోసం ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేశారు. అప్పటి ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. సేవ అత్యవసరమని ఎస్మా చెబుతుంది, చేసే మనిషికి ఇచ్చేది మాత్రం జీతం కాదు, గౌరవ వేతనం. అంగన్‌వాడీ ఉద్యోగులు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. వారు నడిపేది చట్టబద్ధమైన బాధ్యత అని కూడా ఆ తీర్పు గుర్తించింది. చిన్నపిల్లల చదువును నిలబెట్టాలంటే ఆ చదువు చెప్పేవారి ఉద్యోగం ముందు స్థిరంగా ఉండాలి.

తల్లిదండ్రులు చూడాల్సినవి

ఊళ్లో రెండు ఏర్పాట్లు ఉంటే ఏది మంచిదో బోర్డు చూసి తేల్చలేం. ఉదయం పది, పదకొండు గంటల మధ్య ఒకసారి వెళ్లి చూస్తే చాలావరకు తెలుస్తుంది. ఆ సమయంలో పిల్లలతో ఎవరున్నారు? టీచర్ వాళ్లతో మాట్లాడుతోందా, ఫోన్‌లో వివరాలు నింపుతోందా? ఫోన్‌లో ఉంటే అది ఆమె తప్పు అని తీర్మానించకూడదు. ఆ యాప్ పని ఆమెకు అప్పజెప్పింది పై అధికారులే. పిల్లలు తమంతట తాము ముట్టుకునే బొమ్మలు, పుస్తకాలు కింద అందే చోట ఉన్నాయా, బీరువాలో ఉన్నాయా? మూడేళ్ల పిల్లకూ ఐదేళ్ల పిల్లకూ వేర్వేరు పని ఇస్తున్నారా? బడి క్లాసులో చేర్చినా అంగన్‌వాడీలో బరువు చూడటం, టీకాలు కొనసాగుతాయా? ఈ చివరి ప్రశ్నకు స్పష్టమైన జవాబు రాకపోతే మూడేళ్ల పిల్లను తొందరపడి మార్చకపోవడమే మంచిది.

ఒకటో తరగతి వయసు మారితే

రాబోయే పెద్ద మార్పు మరో వైపు నుంచి రావచ్చు. జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతిలో చేరే వయసు ఆరేళ్లు. తెలుగు రాష్ట్రాల్లో ఐదేళ్లు నిండిన పిల్లలను చేర్చుకోవడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం సాయం ఒకటో తరగతి నుంచే అందుతుంది గనుక, పిల్లలను త్వరగా ఒకటిలో వేయాలన్న ఆలోచనకు అది కూడా కొంత తోడు కావచ్చు. ఆరేళ్ల నిబంధనను గట్టిగా అమలు చేస్తే, ఇప్పుడు ఒకటో తరగతిలో కూర్చుంటున్న ఐదేళ్ల పిల్లలంతా మరో ఏడాది పూర్వ ప్రాథమిక దశలోనే ఉండాలి. ప్రైవేటుకు పంపే కుటుంబాలకు అది ఇంకో ఏడాది ఫీజు. సర్కారు కేంద్రాలకు ఒక వయసు పిల్లలంతా అదనం.

ఆ పిల్లలు ఒక టీచర్, ఒక ఆయా ఉన్న గదిలోకే వస్తే, మూడేళ్ల వాళ్లకు ఇప్పుడు దొరుకుతున్న కొద్దిపాటి సమయం కూడా ఐదేళ్ల వాళ్లకు పోతుంది. వాళ్ల కోసం బడిలో ఒక గదిని, విడిగా ఒక ఇన్‌స్ట్రక్టర్‌ను సిద్ధం చేస్తే, అంగన్‌వాడీ టీచర్‌కు మూడు, నాలుగేళ్ల పిల్లలు మిగులుతారు. అప్పుడు రెండు శాఖల మధ్య పంపకం వయసును బట్టి జరుగుతుంది, ఒకే పిల్ల కోసం పోటీ ఉండదు. దానికి ఊరూరా పిల్లల వయసుల లెక్క ముందే కావాలి. ఆ లెక్క ప్రతి అంగన్‌వాడీ టీచర్ సర్వే రిజిస్టర్‌లో ఇప్పటికే ఉంది.